వీధిలో అరిస్తే ఎవరికి వినిపిస్తుంది?

2003 ఫిబ్రవరి 15, శనివారం. ఇరాక్ మీద యుద్ధం వద్దంటూ ఆ ఒక్కరోజే ప్రపంచవ్యాప్తంగా దాదాపు 600 నగరాల్లో జనం రోడ్డెక్కారు. లండన్‌లో హైడ్ పార్క్ దాకా నడిచినవాళ్లు ఏడున్నర లక్షల మందని పోలీసులే ఒప్పుకున్నారు. నిర్వాహకులు ఇరవై లక్షలన్నారు. రోమ్‌లో అంతకంటే పెద్ద ప్రదర్శన జరిగింది. అంటార్కిటికాలో పరిశోధనల కోసం ఉంటున్నవాళ్లు కూడా మంచు మీద నిలబడి నిరసన తెలిపారు. మార్చి 20న బాగ్దాద్ మీద బాంబులు పడ్డాయి.

అప్పటినుంచి ఎక్కడ నిరసన మాట వచ్చినా ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూపించడం అలవాటైపోయింది. లక్షలమంది నడిచినా ఆగని యుద్ధం, మీరు నలుగురు జెండాలు పట్టుకుంటే ఆగుతుందా అని. బ్యాంకుల విషయంలోనూ ఇదే మాట. 2011లో న్యూయార్క్‌లో వాల్‌స్ట్రీట్ పక్కన కుర్రకారు రెండు నెలలు గుడారాలేసుకుని కూర్చున్నారు, బ్యాంకులు ఎక్కడివక్కడే ఉన్నాయి, ఏం సాధించారు అని. ఈ వాదన తేలికైనది కాదు. నినాదాలు ఇచ్చేవాళ్లకు దీన్ని వెక్కిరింతగా తీసుకుని కోపం తెచ్చుకోవడం అలవాటు గానీ, నిదానంగా జవాబు చెప్పాల్సిన ప్రశ్నే ఇది. జవాబు వెతకాలంటే లండన్‌ను కాసేపు పక్కన పెట్టి, రెండు వారాల తర్వాత మరో రాజధానిలో ఏం జరిగిందో చూడాలి.

మార్చి 1, టర్కీలోని అంకారా. అమెరికా వేసుకున్న పథకం ప్రకారం ఇరాక్ మీదికి దక్షిణాన కువైట్ నుంచి ఒక సైన్యం, ఉత్తరాన టర్కీ నేల మీదుగా మరో సైన్యం పోవాలి. అందుకోసం 62 వేల మంది అమెరికా సైనికులను టర్కీలో దిగనివ్వాలి. నాలుగో పదాతి దళం సామగ్రితో ఓడలు అప్పటికే మధ్యధరా సముద్రంలో ఎదురుచూస్తున్నాయి. ప్రతిఫలంగా వందల కోట్ల డాలర్ల సాయం, దాని మీద అప్పులు. 2001లో ఆర్థికంగా చితికిపోయి అప్పుడప్పుడే లేచి నిలబడుతున్న దేశానికి అది చిన్న మొత్తం కాదు. పైగా అధికారంలో ఉన్న ఏకే పార్టీకి 550 మంది సభలో దాదాపు మూడింట రెండొంతుల బలం ఉంది. తీర్మానం గట్టెక్కుతుందనే అందరూ అనుకున్నారు.

సభ తలుపులు మూసుకుని రహస్యంగా చర్చ జరుపుతుంటే బయట నగరం నడిబొడ్డున వేలాది మంది పోగయ్యారు. ఓట్లు లెక్కపెట్టారు. అనుకూలం 264, వ్యతిరేకం 250, తటస్థం 19. ముందు తీర్మానం నెగ్గిందనే వార్త బయటికొచ్చింది. కాసేపటికి అసలు నిబంధన గుర్తొచ్చింది: సభలో హాజరైనవాళ్లలో సగానికి పైగా ఒప్పుకోవాలి. హాజరైంది 533 మంది, కావాల్సింది 267. మూడు ఓట్లు తక్కువ. తీర్మానం వీగిపోయింది. ఆ ఓడలు సూయజ్ కాలువ మీదుగా చుట్టు తిరిగి కువైట్‌కు వెళ్లాయి. ఉత్తరం నుంచి భారీ దళాన్ని నడిపించాలనుకున్న పథకం అక్కడితో సరి.

ఇది జనం మాత్రమే సాధించిన విజయమని చెబితే అతిశయోక్తి అవుతుంది. టర్కీలో అత్యధికులు యుద్ధానికి వ్యతిరేకమని సర్వేలు చెప్పాయి. సైన్యం మాటకు ఎదురులేని దేశంలో సైన్యాధికారులు ఆ వారం నోరు మెదపలేదు. సభాపతి బులెంత్ అరించ్ సొంత పార్టీ వాడైనా తీర్మానాన్ని ఇష్టపడలేదు. పార్టీ నాయకుడు ఎర్దోవాన్ అప్పటికింకా సభలోకే రాలేదు, ఉపఎన్నిక మరో వారం తర్వాత ఉంది. అంటే పట్టు బిగించేవాడు లేని పార్టీ, దారి చూపని సైన్యం, నియోజకవర్గానికి తిరిగి వెళ్లి మొహం చూపించుకోవాల్సిన వందలమంది సభ్యులు. అలాంటి సమయంలో బయటి నినాదం లోపల ఊగిసలాడుతున్న పాతిక, ముప్పై మందికి సరిపడా బరువై కూర్చుంది. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. యుద్ధం మొదలైన రోజునే అదే పార్లమెంటు అమెరికా విమానాలకు తన గగనతలాన్ని తెరిచింది.

అంకారా నుంచి నాకు అర్థమయ్యేది ఇంతే. జనం వీధుల్లోకి వచ్చినంత మాత్రాన నిర్ణయం మారదు. నిర్ణయం తీసుకునే మనిషికి అది ఎంత ఖరీదుకు పడుతుందనేదే మారుతుంది. ఆ ఖరీదు భరించగలిగినవాడు భరించి ముందుకు పోతాడు. భరించలేనివాడు ఆగుతాడు. కాబట్టి ఊరేగింపులో ఎంతమంది ఉన్నారన్న ప్రశ్న కంటే, ఆ రోజు నిర్ణయం ఎవరి చేతిలో ఉంది, వాడికి దేనికి భయం అన్న ప్రశ్న పనికొస్తుంది.

ఈ కొలతతో లండన్‌ను మళ్లీ చూద్దాం. 2003 మార్చి 18న బ్రిటిష్ పార్లమెంటులో ఓటింగ్ జరిగింది. యుద్ధానికి కారణం ఇంకా రుజువు కాలేదన్న సవరణకు టోనీ బ్లెయిర్ సొంత లేబర్ పార్టీ సభ్యులే 139 మంది ఓటేశారు. ముందు రోజే రాబిన్ కుక్ మంత్రిపదవి వదులుకున్నాడు. అధికారపక్షంలో అంత పెద్ద తిరుగుబాటు మామూలు విషయం కాదు, వీధి ఒత్తిడి లేకుండా అది వచ్చేదీ కాదు. కానీ ప్రతిపక్షంలోని కన్సర్వేటివ్‌లు యుద్ధానికి మద్దతిచ్చారు. చివరి తీర్మానం 412 - 149 తో నెగ్గింది. బ్లెయిర్‌కు మూడు ఓట్ల కరవు లేదు. అంటే లండన్ వీధుల్లో పెరిగిన ఖరీదంతా ప్రతిపక్షం చెల్లించేసింది.

సంఖ్యల మోజు గురించి ఇక్కడే ఒక మాట. దేశ జనాభాలో 3.5 శాతం మంది వీధుల్లోకి వస్తే ప్రభుత్వం దిగిపోక తప్పదని ఒక లెక్క బాగా ప్రచారంలో ఉంది. అమెరికన్ పరిశోధకురాలు ఎరికా చెనోవెత్, మరియా స్టీఫన్‌తో కలిసి 1900 నుంచి 2006 దాకా జరిగిన 323 ఉద్యమాలను పరిశీలించింది. అహింసా ఉద్యమాలు సగానికి పైగా గెలిచాయని, సాయుధ ఉద్యమాలు నాలుగింట ఒకటి మాత్రమే గెలిచాయని తేల్చింది. ఆ పరిశోధన నుంచి పుట్టిందే ఈ 3.5. కానీ అది ఎక్కువగా నియంతలను దించడం, పరాయి పాలన వదిలించుకోవడం లాంటి పెద్ద పోరాటాల లెక్క. ఒక యుద్ధ తీర్మానాన్నో, ఒక బ్యాంకు చట్టాన్నో మార్చే పనికి దాన్ని తెచ్చి అతికించడం కుదరదు. లండన్‌లో నడిచినవాళ్లు పోలీసుల లెక్కలో దేశ జనాభాలో ఒకటింబావు శాతం. బ్యాంకుల పతనం మీద కోపంతో ఐస్‌లాండ్‌లో 2009 జనవరిలో అయిదారు వేల మంది చేరితే ఒకటిన్నర, రెండు శాతం. దాదాపు ఒకే నిష్పత్తి. ఒకచోట యుద్ధం జరిగింది, ఒకచోట ప్రభుత్వం పడిపోయింది.

లండన్ కథ మార్చి 20తో అయిపోలేదు. 2005 ఎన్నికల్లో బ్లెయిర్ గెలిచాడు గానీ ఆధిక్యం 167 నుంచి 66 కు పడింది. ఎనిమిదేళ్ల తర్వాత, 2013 ఆగస్టు 29న, సిరియా మీద దాడికి అనుమతించమని డేవిడ్ కామెరాన్ అదే సభను అడిగాడు. 285 - 272. పదమూడు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. ఆ రాత్రి బయట ఏడున్నర లక్షల మంది లేరు. ఇరాక్‌లో మోసపోయామన్న భావన మాత్రం ప్రతి బెంచీ మీదా ఉంది. రెండు రోజులకు అమెరికాలో ఒబామా కూడా కాంగ్రెస్‌ను అడుగుతానన్నాడు. ఆ దాడి అప్పటికి జరగలేదు. 2018లో మాత్రం థెరిసా మే పార్లమెంటును అడక్కుండానే సిరియా మీదికి విమానాలు పంపింది. తలుపు దగ్గర జనం నిలబడతారని తెలిశాక, తలుపు లేని దారి వెతకడం ప్రభుత్వాలు నేర్చుకున్నాయి.

మన దేశానికీ ఈ యుద్ధంతో సంబంధం ఉంది. బాగ్దాద్ పడ్డాక, అక్కడ కాపలాకు ఒక డివిజన్ సైన్యాన్ని పంపమని అమెరికా భారత్‌ను అడిగింది. పంపితే పెద్దన్నకు దగ్గరవుతామని ఢిల్లీలో గట్టిగా వాదించినవాళ్లు ఉన్నారు. ఏప్రిల్‌లోనే లోక్‌సభ యుద్ధాన్ని నిందిస్తూ తీర్మానం చేసి ఉంది. 2003 జులై 14న వాజపేయి ప్రభుత్వం సైన్యాన్ని పంపబోమని తేల్చేసింది. ఆ రోజుల్లో ఆయన వామపక్ష నాయకులను పిలిచి, మీ నిరసన నాకు సరిగ్గా వినిపించడం లేదు, ఇంకాస్త గట్టిగా చేయండి అన్నాడని ఢిల్లీలో ఇప్పటికీ ఒక ముచ్చట చెప్పుకుంటారు. వద్దనాలని మనసులో ఉన్న పాలకుడికి కూడా వద్దనడానికి ఒక సాకు కావాలి. వీధి చేసే పనుల్లో అదొకటి, ఎక్కువమంది లెక్కలోకి తీసుకోనిది.

గెలిచిన సంగతి గెలిచినవాళ్లకే తెలియకపోవడం కూడా ఉంటుంది. వియత్నాం యుద్ధ కాలంలో 1969లో రిచర్డ్ నిక్సన్ హనోయ్ ప్రభుత్వానికి లోపాయికారీగా నవంబరు 1 గడువు పెట్టాడు. దారికి రాకపోతే రేవుల్లో మైన్లు పాతి, భారీగా బాంబులు వేసే పథకం సిద్ధమవుతోంది. దానికి పెట్టుకున్న పేరు డక్ హుక్. బయట జనానికి ఈ సంగతేమీ తెలియదు. అక్టోబరు 15న అమెరికా అంతటా దాదాపు ఇరవై లక్షల మంది పనులు మానుకుని చర్చిల్లో, కాలేజీల్లో, కూడళ్లలో యుద్ధానికి వ్యతిరేకంగా కూడారు. నవంబరు 15న ఒక్క వాషింగ్టన్‌లోనే లక్షల మంది. ఆ రోజు తాను టీవీలో ఫుట్‌బాల్ చూస్తూ కూర్చున్నానని నిక్సన్ లోకానికి తెలిసేలా చేశాడు. జనం నిరాశపడి ఇళ్లకు పోయారు.

పదేళ్లు కాకుండానే నిక్సన్ తన జ్ఞాపకాల పుస్తకంలో అసలు విషయం రాసుకున్నాడు. అక్టోబరు నిరసన వల్ల తన హెచ్చరికకు విలువ లేకుండా పోయిందని. ఇంట్లోనే ఇంత వ్యతిరేకత ఉన్నవాడి బెదిరింపును హనోయ్ ఎందుకు నమ్ముతుంది? డక్ హుక్ పక్కకు పోయింది. పూర్తిగా పోలేదనుకోండి. 1972 మేలో హైఫాంగ్ రేవులో నిజంగానే మైన్లు వేశారు. యుద్ధం అప్పటిదాకా సాగుతూనే ఉంది, వేలమంది చనిపోతూనే ఉన్నారు. నిక్సన్ 1969 నవంబరులో నోరెత్తని మెజారిటీ తన వెనకే ఉందని టీవీలో ప్రసంగించి బలం పెంచుకున్నాడు. 1972లో 49 రాష్ట్రాలు గెలిచాడు. ఇవన్నీ నిజమే. రెండున్నరేళ్ల పాటు ఒక పెద్ద దాడి వాయిదా పడిందన్నదీ నిజమే.

ఆ నిరసనలకు కాస్త ముందు, 1969 ఆగస్టులో, అమెరికాలోని హావర్‌ఫర్డ్ కాలేజీలో యుద్ధ వ్యతిరేకుల సమావేశం జరిగింది. సైన్యంలో చేరనన్నందుకు జైలుకు వెళ్లబోతున్న రాండీ కెహ్లర్ అనే యువకుడు, వెళ్తున్నందుకు సంతోషంగా ఉందని అక్కడ చెప్పాడు. వింటున్నవాళ్లలో డానియల్ ఎల్స్‌బర్గ్ ఉన్నాడు. రక్షణ శాఖ కోసం వియత్నాం యుద్ధ రహస్య చరిత్ర తయారీలో పనిచేసినవాడు. ఆ మాటలు విని బయటికి పోయి వెక్కివెక్కి ఏడ్చానని ఆయనే చెప్పుకున్నాడు. అక్టోబరులో ఆ రహస్య పత్రాలను రాత్రిళ్లు జిరాక్స్ తీయడం మొదలుపెట్టాడు. 1971 జూన్‌లో అవి న్యూయార్క్ టైమ్స్‌లో అచ్చయ్యాయి. వీధిలో మాట్లాడే మాట ఏ చెవిన పడుతుందో మాట్లాడేవాడికి తెలియదు.

ఇక బ్యాంకర్ల దగ్గరికి వద్దాం. యుద్ధం కంటే ఇది కష్టమైన సంగతి. యుద్ధానికి ఒక తేదీ, ఒక ఓటు, ఒక సంతకం ఉంటాయి. బ్యాంకు చేసే అన్యాయానికి అలాంటి ఒక్క చోటంటూ ఉండదు. అది లక్షల అప్పు పత్రాల్లో, నియంత్రణ నిబంధనల్లో, కోర్టు దస్త్రాల్లో పరుచుకుని ఉంటుంది. ఏ తలుపు కొట్టాలో తెలియని జనం భవనం ముందు నిలబడి అరుస్తారు.

2008 సెప్టెంబరులో అమెరికా బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. అక్టోబరులో అమెరికా ప్రభుత్వం బ్యాంకులను ఆదుకోవడానికి 70 వేల కోట్ల డాలర్లు మంజూరు చేసుకుంది. న్యాయంగా చెప్పాలంటే బ్యాంకులు ఆ సొమ్ము చాలావరకు తిరిగి కట్టాయి. జనం మండిపాటు దానికి కాదు. కిస్తీ కట్టలేనివాడి ఇల్లు జప్తవుతుంటే, అలాంటి అప్పులిచ్చి బోనస్‌లు తీసుకున్నవాడికి ఏమీ కాలేదు. 2011 సెప్టెంబరు 17న వాల్‌స్ట్రీట్ పక్కనున్న జుకోటీ పార్కులో గుడారాలు లేచింది ఆ కోపంతోనే. ఆ పార్కు ఎంచుకోవడంలో ఒక తెలివి ఉంది. అది ఒక ప్రైవేటు సంస్థది, కానీ జనానికి తెరిచి ఉంచాలన్న షరతు మీద కట్టింది, అందువల్ల నగరపాలక సంస్థ పార్కుల్లా రాత్రికి తాళం పడదు. నిరసనకు చోటు దొరకడమే సగం పోరాటమని మనకు వేరే చెప్పాలా! హైదరాబాద్ ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్‌ను 2017లో మూసేస్తే, దాన్ని తెరిపించడానికే ఒక ఉద్యమం, హైకోర్టులో ఒక కేసు కావాల్సి వచ్చాయి.

జుకోటీలో మైకులకు అనుమతి లేదు. ఒకరు ఒక వాక్యం చెబితే చుట్టూ ఉన్నవాళ్లంతా దాన్ని గొంతెత్తి తిరిగి చెప్పేవారు. చూడముచ్చటగానే ఉండేది. కానీ మీకేం కావాలని విలేకరులు అడిగితే ఒక్క జవాబు లేదు. కోరికల పట్టిక పెట్టకూడదన్నది వాళ్లలో చాలామంది కావాలని తీసుకున్న నిర్ణయం. మేం 99 శాతం అన్న నినాదం మాత్రం లోకమంతా పాకింది. నవంబరు 15 తెల్లవారకముందే పోలీసులు గుడారాలు పీకేశారు. వాల్‌స్ట్రీట్ పెద్దల్లో జైలుకు పోయింది దాదాపు లేరు. క్రెడిట్ స్విస్‌లో పనిచేసిన కరీమ్ సెరాజెల్దిన్ ఒక్కడి పేరే ఇప్పటికీ అందరూ చెబుతారు.

అయితే గుడారాలు లేచిపోయాక జరిగింది ఎక్కువమంది చూడలేదు. బ్యాంకుల మీద డాడ్-ఫ్రాంక్ చట్టం 2010 జులైలోనే, అంటే ఈ ఉద్యమానికి ఏడాది ముందే వచ్చింది. చట్టం పైపై గీత మాత్రమే. దాని కింద వందల నియమాలను నియంత్రణ సంస్థలు ఏళ్ల తరబడి రాస్తాయి. బ్యాంకుల లాయర్లు కాచుకుని కూర్చునేది అక్కడ. డిపాజిటర్ల సొమ్ముకు ప్రభుత్వ భరోసా పొందే బ్యాంకు సొంత లాభానికి సట్టా ఆడకూడదన్న వోల్కర్ నియమాన్ని అప్పట్లో అలాగే రాస్తున్నారు. జుకోటీ నుంచి వచ్చిన ఒక చిన్న బృందం, అందులో ఒకప్పుడు ఫైనాన్స్ రంగంలోనే పనిచేసినవాళ్లు కూడా, ఆ ముసాయిదాను వరుస వరుసగా చదివి 2012 ఫిబ్రవరిలో 325 పేజీల ఉత్తరం రాశారు. 2013 డిసెంబరులో తుది నియమం వచ్చినప్పుడు ఆ ఉత్తరాన్ని అధికారులు పదేపదే ప్రస్తావించారు. కోరినదంతా ఇచ్చారని కాదు. డ్రమ్ములు వాయించినప్పుడు తలుపు తీయని ఆఫీసు, పేజీలు పంపితే చదవక తప్పలేదు.

మరో బృందం ఇంకో దారి పట్టింది. అమెరికాలో వసూలు కాని ఆసుపత్రి బాకీలను ఆసుపత్రులు, అప్పుల కంపెనీలు డాలరుకు కొన్ని సెంట్ల చొప్పున వసూలు ఏజెంట్లకు అమ్మేస్తాయి. ఆ బాకీలను తామే కొని చించేస్తే? 2012 నవంబరులో చందాలు పోగు చేసి మొదలుపెట్టారు. ఏడాదిలో దాదాపు 4 లక్షల డాలర్లు ఖర్చు పెట్టి 1.4 కోట్ల డాలర్లకు పైగా బాకీలు రద్దు చేశారు. దేశం మొత్తం అప్పులో అది సముద్రంలో చుక్క. వాళ్లతో కలిసి పనిచేసిన ఇద్దరు మాజీ వసూలు ఏజెంట్లు 2014లో ఇదే పనికి ఒక ధార్మిక సంస్థ పెట్టారు. అది ఇప్పటికి వెయ్యి కోట్ల డాలర్లకు మించి ఆసుపత్రి బాకీలను తుడిచేసింది. తలలు పట్టుకోవాల్సిన సంగతి ఏమిటంటే, బాకీలు పుట్టించే పద్ధతి మాత్రం చెక్కుచెదరలేదు.

డబ్బు ఇచ్చేవాళ్ల మీద నినాదం కంటే పెద్ద ఆయుధం ఒకటి ఉంది: కట్టకపోవడం. దాని బలమూ, దాని ప్రమాదమూ తెలుగువాళ్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే చూశారు. 2010 నాటికి దేశంలోని పెద్ద మైక్రోఫైనాన్స్ సంస్థలు చాలావరకు హైదరాబాద్‌వే. ఆగస్టులో వాటిలో ఒకటైన ఎస్‌కేఎస్ షేర్ మార్కెట్లో అడుగు పెడితే మదుపుదారులు ఎగబడ్డారు. ఊళ్లలో మాత్రం ఒక్కో ఇంటికి నాలుగైదు కంపెనీల గ్రూపు లోన్లు, వారం వారం వాయిదాలు, ఒకరు కట్టకపోతే మిగతా ఆడవాళ్లే ఆ ఇంటి ముందు కూర్చోవాల్సిన పద్ధతి. ఆత్మహత్యల వార్తలు పత్రికల్లో వరుసగా వచ్చాయి. 2006లోనే కృష్ణా జిల్లాలో కలెక్టర్ దాదాపు 50 శాఖలను మూయించిన చరిత్ర ఉంది. ఈసారి మహిళా సంఘాలు, పార్టీలు రోడ్డెక్కాయి. అక్టోబరు 15న ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది: సంస్థలు జిల్లాల్లో నమోదు చేసుకోవాలి, వారం వాయిదాలు వద్దు, ఇంటికొచ్చి బెదిరించకూడదు.

దాంతో వసూళ్లు దాదాపు పూర్తిగా నిలిచిపోయాయి. కట్టగలిగినవాళ్లూ కట్టడం మానేశారు. రిజర్వు బ్యాంకు మాలేగాం కమిటీని వేసింది, 2011లో దేశమంతటికీ వడ్డీ మీద 26 శాతం పరిమితి, ఒక మనిషికి ఎన్ని సంస్థలు అప్పివ్వచ్చన్న హద్దు వచ్చాయి. ఇంత త్వరగా ఇంత ఫలితం వచ్చిన నిరసనలు తక్కువ. కానీ కంపెనీలు కొత్త అప్పులు ఆపేశాయి. పిల్లల ఫీజుకో, ఆసుపత్రికో డబ్బు అవసరమైన ఆడవాళ్లు మళ్లీ రోజువారీ ఫైనాన్స్ వాళ్ల దగ్గరికే వెళ్లారు. వాళ్లకు ఏ ఆర్డినెన్సూ వర్తించదు. 2015లో విజయవాడలో కాల్‌మనీ వడ్డీ వ్యాపారుల బాగోతం బయటపడినప్పుడు, అప్పు అవసరం ఎక్కడికీ పోలేదన్న సంగతి అందరికీ మళ్లీ గుర్తొచ్చింది. రిజర్వు బ్యాంకు ఈ సంస్థల వడ్డీ మీద పరిమితులను 2022లో పూర్తిగా ఎత్తేసింది.

వీధి ఒత్తిడి బ్యాంకర్ల దాకా నిజంగా చేరిన దేశం ఏదైనా ఉందా అంటే ఐస్‌లాండ్ పేరే చెప్పాలి. అప్పటి జనాభా మూడు లక్షల ఇరవై వేలు, మన రాజమహేంద్రవరానికి కాస్త అటూ ఇటూ. అంత చిన్న దేశంలో కౌప్‌థింగ్, లాండ్స్‌బాంకీ, గ్లిట్నిర్ అనే మూడు బ్యాంకులు విదేశాల్లో అప్పులు తెచ్చి, దేశం ఏడాది సంపాదనకు దాదాపు పదింతలయ్యేదాకా ఉబ్బాయి. 2008 అక్టోబరులో వారం తిరక్కుండానే మూడూ కూలాయి. కరెన్సీ విలువ పడిపోయింది. విదేశీ కరెన్సీకి ముడిపెట్టిన ఇంటి అప్పులు, కారు అప్పులు ఉన్నట్టుండి తలకు మించిన భారమయ్యాయి.

హోర్దుర్ టోర్ఫాసన్ అనే గాయకుడు అదే నెలలో పార్లమెంటు ముందు చౌక్‌లో నిలబడి, దారిన పోయేవాళ్లను మీకు ఏం జరిగిందో అర్థమైందా అని అడగడం మొదలుపెట్టాడు. తర్వాత ప్రతి శనివారం సభ. కోరికలు మూడే: ప్రభుత్వం దిగిపోవాలి, కేంద్ర బ్యాంకు పెద్దలు, ఆర్థిక నియంత్రణ సంస్థ పెద్దలు తప్పుకోవాలి, ఎన్నికలు పెట్టాలి. జుకోటీతో పోల్చి చూడండి. ఈ మూడింటిలో ప్రతిదానికీ సంతకం పెట్టాల్సిన మనిషి ఎవరో తెలుసు.

2009 జనవరి 20న సెలవుల తర్వాత పార్లమెంటు తెరిచారు. జనం వంటింట్లోంచి గిన్నెలు, గరిటెలు తెచ్చి వాయించారు. లోపల మాట్లాడేవాళ్లకు తమ గొంతు తమకు వినిపించనంత మోత. రెండు రాత్రుల తర్వాత కొందరు పోలీసుల మీద రాళ్లు రువ్వితే, మిగతా నిరసనకారులే పోలీసుల ముందు అడ్డంగా నిలబడ్డారు. 1949 తర్వాత ఆ దేశంలో బాష్పవాయువు వాడింది అప్పుడే. ఇంతలో అసలు తలుపు వేరేచోట తెరుచుకుంది. సంకీర్ణంలో చిన్న భాగస్వామి సోషల్ డెమోక్రాట్ల రాజధాని శాఖ సమావేశమై, ప్రభుత్వం నుంచి బయటికి రావాలని తీర్మానించింది. జనవరి 26న ప్రధాని గేర్ హార్డే ప్రభుత్వం కూలింది. కేంద్ర బ్యాంకు గవర్నర్ నెల తర్వాత పదవి కోల్పోయాడు. ఏప్రిల్‌లో ఎన్నికలు జరిగాయి. మూడు కోరికలూ తీరాయి.

ప్రత్యేక ప్రాసిక్యూటర్ పదవికి ప్రకటన ఇస్తే మొదట ఒక్కరూ దరఖాస్తు పెట్టలేదు. అందరూ అందరికీ తెలిసిన చిన్న దేశం కదా. చివరికి అక్రానెస్ అనే రేవు పట్టణంలో పోలీసు అధికారిగా ఉన్న ఒలావుర్ హౌక్సన్ ముందుకొచ్చాడు. ఫ్రాన్స్‌లో పెద్ద అవినీతి కేసులు నడిపిన ఎవా జోలీ సలహాదారుగా వచ్చింది. కౌప్‌థింగ్ అధిపతులతో సహా ఇరవై మందికి పైగా బ్యాంకర్లకు శిక్షలు పడ్డాయి. 2010 అక్టోబరులో అప్పుల బాధితులు మళ్లీ చౌక్‌కు వచ్చి, ఈసారి ఇనప పీపాలు మోగించారు. డిసెంబరులో ఇంటి విలువలో 110 శాతానికి మించిన అప్పును మాఫీ చేసే పథకం వచ్చింది. చౌక్‌కూ మాఫీకీ మధ్య గడిచింది రెండే నెలలు.

దీన్ని విని మనమూ గిన్నెలు పట్టుకుందామనుకునే ముందు చూడాల్సినవి ఉన్నాయి. చిన్న దేశం, సొంత కరెన్సీ, బ్యాంకులను కాపాడదామన్నా కాపాడలేనంత పెద్ద నష్టం. అమెరికాలో బ్యాంకులను నిలబెట్టే డబ్బు ప్రభుత్వం దగ్గర ఉంది కాబట్టి నిలబెట్టారు. ఐస్‌లాండ్‌కు ఆ అవకాశమే లేదు. జనం అడిగింది పరిస్థితి అప్పటికే సగం చేసి పెట్టింది.

గెలుపు ఎక్కడ ఆగిందో కూడా చూడాలి. మామూలు పౌరులతో కొత్త రాజ్యాంగం రాయించారు. 2012 అక్టోబరులో ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది దాన్ని ఆధారంగా తీసుకోమన్నారు. పార్లమెంటు ఈ రోజు దాకా ఆమోదించలేదు. 2013 ఎన్నికల్లో పతనానికి ముందు దేశాన్ని ఏలిన ఇండిపెండెన్స్, ప్రోగ్రెసివ్ పార్టీలే తిరిగి గెలిచాయి. ఎలా గెలిచాయంటే, ఇంటి అప్పులు తగ్గిస్తామని ప్రోగ్రెసివ్ పార్టీ మాటిచ్చి, అంటే చౌక్‌లో వినిపించిన కోరికనే తన జెండా మీద రాసుకుని. 2014లో ఆ మాట నిలబెట్టుకుంది కూడా.

2016 ఏప్రిల్‌లో విదేశీ రహస్య కంపెనీల గుట్టు విప్పిన పనామా పత్రాలు బయటికొచ్చాయి. ప్రధాని సిగ్మండుర్ గున్లాగ్సన్ కుటుంబానికి విదేశీ కంపెనీ ఒకటి ఉందని, కూలిన బ్యాంకుల నుంచి రావాల్సిన సొమ్ము దానికి ఉందని తేలింది. అదే చౌక్‌లో వేలమంది చేరారు. మర్నాడే ఆయన పదవి వదిలేస్తున్నట్టు తేలిపోయింది. ఎన్నికలు ముందుకు జరిపి అక్టోబరులో పెట్టారు. వాటిలో ఇండిపెండెన్స్ పార్టీయే పెద్ద పార్టీగా వచ్చింది. దాని నాయకుడు బ్యార్ని బెనెడిక్ట్‌సన్ 2017 జనవరిలో ప్రధాని అయ్యాడు. పనామా పత్రాల్లో ఆయన పేరు కూడా ఉంది.